అక్క కొట్టు

కుళాయిని రాతి మీద పెట్టి ఒక్క దెబ్బ వేసింది. మెడ దగ్గర పుటుక్కున విరిగింది. జింకు. ఎడమ గుట్టలోకి విసిరేసింది. ఇంకొకటి తీసి దాని మీదా అంతే బలంగా వేసింది. అది విరగలేదు, నడుం వంచింది. ఇత్తడి. కుడి గుట్ట.

పైకి చూస్తే రెండూ కవలలే. ఒకే పూత, ఒకే మెరుపు, మొహం కనపడేంత నునుపు. అయస్కాంతానికి రెండూ అంటవు. ఆకురాయితో గీకితే లోపలి రంగు తెలుస్తుంది, నిజమే. కాని గంపెడు కుళాయిలు గీకుతూ కూర్చుంటే పని తెమలదు. సుత్తి అయితే రెప్పపాటు. వంగింది ఇత్తడి, విరిగింది జింకు. లోకంలో ఇంత నిక్కచ్చిగా తేలే సంగతులు తక్కువ.

పాత ఇనుము కొట్టులో ఆమె పని ఏరివేత. ఇరవై రెండేళ్లుగా అదే రాయి, అదే నీడ. వయసు నలభై ఎనిమిది. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. సుత్తి పట్టి పట్టి కుడి ముంజేయి ఎడమదానికి ఒకటిన్నర రెట్లు లావెక్కింది. బట్టల మీద మగవాళ్ల చొక్కా వేసుకుంటుంది. మెడలో సైకిలు ట్యూబు ముక్కకి కట్టిన అయస్కాంతం వేలాడుతుంది, పాత స్పీకరులోంచి పీకింది. పక్కన గ్యాసు మంటతో కోసిన ఇనుము తాలూకు పొడి దానికి అంటుకుని, మధ్యాహ్నానికల్లా చిన్న గడ్డం మొలుస్తుంది. సాయంత్రం దానికి క్షవరం చేసి ఇంటికి వెళ్తుంది. పేరుతో పిలిచేవాళ్లు పోయి చాలా కాలమైంది. ఆమెకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడైన యజమాని కూడా అక్కా అనే అంటాడు.

ఆ కొట్టులో సున్నితంగా జరిగే పని ఒక్కటీ లేదు. మూలనున్న ప్రెస్సు కింద కారు పడితే ముందు అద్దాలు పగులుతాయి, తర్వాత పక్కటెముకలు విరిగిన చప్పుడు, చివరికి దిండంత ముద్ద. మోటార్ల పొట్టలు చీల్చి రాగి పేగులు లాగుతారు. బ్యాటరీల తలలు నరుకుతారు. అలవాటు లేనివాడు గేటులోంచి తొంగి చూస్తే ఇదేదో యుద్ధం అనుకుంటాడు. అలవాటైనవాళ్లకి అది పని.

గ్యాసు కట్టరు పట్టేవాడు నల్ల కళ్లద్దాలు నుదుటి మీదకి ఎత్తి కేకేశాడు. కనపడిన ప్రతివాణ్ణీ "బావా" అని పిలుస్తాడు కాబట్టి అతనికి బావ అనే పేరు పడింది.

"అక్కా, టీ వచ్చింది. నువ్వేమో అక్కవి, నేనేమో బావని. ఇద్దరం ఒక గ్లాసులో తాగితే లోకం ఏమనుకుంటుందో!"

"లోకం సంగతి తర్వాత. నీ పెళ్లాం ఏమనుకుంటుందో కనుక్కునిరా."

"అది నన్నూ నీలాగే కొట్టి చూస్తుంది."

"చూసిందా? ఏం తేలింది?"

"వంగానుగా, ఇత్తడే!"

ఆమె నవ్వింది. పై పెదవికి ఒక పక్క మచ్చ ఉంది, నవ్వితే అటువైపు లాగుతుంది. ఆ మచ్చ నాన్న బెల్టుది. ఆమె కోసం ఎత్తింది కాదు, తమ్ముడి కోసం ఎత్తితే మధ్యలో దూరింది.

తమ్ముడికి మూడేళ్లు వచ్చినా మాట రాలేదు. బస్తాలు మోసే నాన్నకి తెలిసిన వైద్యం ఒకటే. నాలుగు తగిలిస్తే లోపల ఇరుక్కున్న మాటలు బయట పడతాయని. "మాట్లాడు!" అని ఒకటి వేసేవాడు. ఏడాది తర్వాత ఒకరోజు పిల్లాడు నోరు తెరిచాడు. "మాట్లాడు" అన్నాడు. నాన్న అడిగిన మాటే, నాన్న గొంతుతోనే. వెక్కిరిస్తున్నాడనుకుని నాన్న ఆ రోజు బెల్టు బిళ్ల ఊడేదాకా కొట్టాడు. ఎదుటివాడు అన్న మాట తిరిగి అనడం వాడికి అప్పుడు అంటింది, ఇక వదల్లేదు. బళ్లో పంతులు "నీకు బుద్ధుందా?" అంటే "నీకు బుద్ధుందా?" అని వచ్చేది జవాబు. పంతులు బెత్తం విరిగింది. బడి అక్కడితో సరి.

అమ్మ పద్ధతి వేరు. సంచీ వేసుకుని ఊరూరా తిరిగే మందులవాడొకడు, ఇలాంటి పిల్లలకి కళ్ల మధ్య ఎడం ఎక్కువుంటుంది, నుదురు వెడల్పు, చెవులు కిందికి దిగి ఉంటాయి, చూసుకో అని చెప్పి పోయాడు. ఆ రాత్రి నుంచి అమ్మ దారప్పోగు పట్టుకుంది. నిద్రపోతున్న పిల్లాడి మొహం మీద దారం పరిచి, ఈ కంటి కొస దగ్గర ఒక ముడి, ఆ కంటి కొస దగ్గర ఒక ముడి. పోల్చడానికి ఇంకో మొహం కావాలి కదా, ఆ దారాన్నే కూతురి మొహం మీద పెట్టింది. కూతురి కళ్ల మధ్యే నూలుపోగంత ఎక్కువుంది! అమ్మ ముడులు విప్పి మళ్లీ కొలిచింది. మళ్లీ అంతే. కూతురికి జీవితంలో అంత నవ్వు వచ్చిన సందర్భం ఇంకొకటి లేదు. "అయితే తేడా నాలోనే ఉందే అమ్మా!" అంది. అమ్మ నవ్వలేదు. ప్రతి అమావాస్యకీ కొలిచేది. పిల్లాడి మొహంలో ఏదో ఒక వంకర రావాలని ఎదురుచూసిన తల్లి అమ్మ ఒక్కతే అయుంటుంది. "నుదుటి రాత అంటారే గాని, ఎదుటివాడు చదివే అక్షరాలతో రాయడే ఆ దేవుడు" అనేది. చదవగలిగితే జనం జాలిపడేవాళ్లు, చెయ్యి ఎత్తేవాళ్లు కాదు అని అమ్మ ఆశ.

వాడి మొహం మాత్రం ఏటికేడూ తేరుకుంది. ఇప్పుడు ముప్పై నాలుగు. ఆరడుగులకి అంగుళం తక్కువ. సూటి ముక్కు, నిండైన కనుబొమలు, గీత గీసినట్టు దవడ. పెళ్లిచూపుల ఫొటోకి నిలబెట్టినట్టుంటాడు. కొత్తవాళ్లు సంబంధాలు కూడా తెస్తారు. "మీ తమ్ముడు మాట్లాడ్డేంటమ్మా, బాగా పొగరా?" అని వెళ్లిపోతారు. ఇలాంటివాళ్లకి ఏదో ఒక వరం ఉంటుందట, లెక్కలో పాటలో బొమ్మలో అని ఒకాయన చెప్పాడు. ఆమె ఏడాది పాటు వెతికింది. వరమూ లేదు, శాపమూ లేదు. చెప్పులు వరసగా పెడతాడు, తాళాలు ముట్టుకుంటాడు, ఒక్కడే కూర్చుని హాయిగా ఉంటాడు. అంతే సరుకు.

అమ్మ పోయాక తమ్ముణ్ణి వెంట పెట్టుకునే కాపురానికి వెళ్లింది. పదకొండు నెలల కాపురం. ఇంట్లో చెప్పులన్నీ వాకిట్లో వరస పెడుతున్నాడని మొగుడు వాణ్ణి మంచం కోడుకి కట్టేశాడు. ఆమె పనినుంచి వచ్చేసరికి మణికట్లు ఒరిసి నెత్తురు కారుతోంది. తలుపు గడియ కమ్మీ లాగి మొగుడి చేతి మీద వేసింది. రెండు వేళ్లు విరిగాయి. జింకు, అనుకుంది. తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. అప్పటినుంచి ఈ రాయి, ఈ సుత్తి.

వాడికి ఇరవై రెండేళ్లప్పుడు పెద్దాసుపత్రిలో పేరు చెప్పారు, ఆటిజం అని. వికలాంగుల కాగితం కోసం కిటికీ దగ్గర వరసలో నిలబడితే, లోపలి గుమాస్తా ఫొటో అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో ఏమీ తెలియట్లేదే. సరిగ్గా దిగిన ఫొటో తీసుకురామ్మా."

"ఎంత సరిగ్గా దిగినా అంతే బాబూ. వాడు అందగాడు."

లోపల డాక్టరమ్మకి ఆమె దారం సంగతి చెప్పింది. చిన్నపిల్ల ఆ డాక్టరు, నవ్వలేదు. "వేలమంది మొహాలు యంత్రాలతో కొలిస్తే వెంట్రుకవాసి తేడా కనపడిందని కొందరు రాశారు. అవునని తేలిందీ లేదు, కాదని తేలిందీ లేదు. కొందరికి ఇంకో జబ్బు కూడా కలిసి ఉంటే అప్పుడు మొహంలో తెలుస్తుంది. కాని ఒక మనిషి మొహం చూసి ఇది ఉందని గాని లేదని గాని చెప్పడం ఎవరి తరమూ కాదమ్మా. మీ అమ్మగారు కొలవాల్సింది మొహం కాదు" అంది. కాగితం మీద సంతకం పెడుతూ, "బయట తిరిగేటప్పుడు మెళ్లో ఒక కార్డు వేయండి. తెలియనివాళ్లకి తెలుస్తుంది" అని చెప్పింది.

ఆమె వేయలేదు. చీటీ కట్టేది మూటకి, మనిషికి కాదు. వాడు ఈ వీధిలో చీటీ లేకుండా నడవగలగాలి. తను పోయాక కూడా నడవగలగాలి. బతుకులో ఆమె పెట్టుకున్న బేరం అదొక్కటే. కార్డు బదులు ఒక మాట నేర్పింది. ఎవరైనా ఎవరు నువ్వు అన్నా, ఎక్కడికి అన్నా, పేరేంటి అన్నా, ఒకటే జవాబు: "అక్క కొట్టు." పాత ఇనుము కొట్టులో అక్క ఉంది, అక్కడికి తీసుకెళ్లండి అని అర్థం. పొడుగు మాట చెబితే తోక మాత్రమే మిగిలేది, అందుకని రెండు ముక్కలకి కుదించింది. దానికే ఎనిమిది నెలలు పట్టింది.

ఆరేళ్లుగా వాడు రోజూ ఇంట్లోంచి క్యారేజీ పట్టుకుని బయల్దేరి సరిగ్గా పన్నెండున్నరకి కొట్టు గేటులో కాలు పెడతాడు. దారిలో అరవై ఒక్క షట్టర్లు. ప్రతి షట్టరు తాళం మీదా రెండు వేళ్లు ఆనించి వదిలేస్తాడు. ఆ వీధివాళ్లు ఇన్‌స్పెక్టరని పేరు పెట్టారు. "ఇన్‌స్పెక్టరుగారొచ్చారు, ఇక భోజనానికి లేవండి" అని దుకాణాలవాళ్లు గడియారం చూడకుండా లేస్తారు. ఆమె లెక్కలో అది గెలిచిన బేరం.

టీ గ్లాసు తీసుకోవడానికి వచ్చిన టీ అతను రొప్పుతున్నాడు.

"ఏంటలా ఆయాసం?"

"చుట్టూ తిరిగొచ్చానక్కా. పైపులేస్తామని పొద్దున్నే రోడ్డు మధ్యకి తవ్వేశారు. మనిషి దూరే సందు కూడా లేదు. అందరూ వెనక వీధి మీంచి వస్తున్నారు."

సుత్తి గాలిలో ఆగింది. వెనక వీధిలోనూ షట్టర్లుంటాయి. షట్టర్లకి తాళాలుంటాయి. వాటి మీద వేళ్లు ఆనించేవాణ్ణి ఆ వీధి ఎన్నడూ చూడలేదు. పైగా అక్కడ మొన్ననే రెండు దుకాణాల తాళాలు పగలగొట్టారని వాచీల కొట్టాయన ఊరంతా చెప్పుకుంటున్నాడు.

గోడ గడియారం పన్నెండూ ముప్పై రెండు చూపిస్తోంది. ఆరేళ్లలో వాడు రెండు నిమిషాలు ఆలస్యమైన రోజు లేదు.

"బావా!" అని కేకేసి, చేతిలో సుత్తి చేతిలో ఉండగానే పరిగెత్తింది.

మలుపు తిరగకముందే వినపడింది. గుంపుకి ఒక చప్పుడుంటుంది, ప్రెస్సు కింద కారు నలిగేటప్పుడు వచ్చేలాంటిది. ముందు క్యారేజీ కనపడింది, మూడు గిన్నెలూ మూడు దిక్కులకి దొర్లి ఉన్నాయి. తర్వాత కాళ్లు. ఇరవై, ముప్పై జతల కాళ్లు. వాటి మధ్యలోంచి వాడి గొంతు, ఏ ఎత్తూ పల్లమూ లేకుండా, రోజూ చెప్పినట్టే.

"ఎవడ్రా నువ్వు? తాళాలెందుకు చూస్తున్నావ్?"

"అక్క కొట్టు."

"ఏంటీ?"

"కొట్టు. అక్క కొట్టు."

"కొట్టమంటున్నాడ్రా! ఎంత పొగరో చూడు! మొహం చూడు, దొరబాబులా! కొట్టరా!"

"కొట్టరా" అన్నాడు వాడు కూడా.

చెప్పు కాలు వాడి పక్కటెముకల్లో దిగింది. ఎవడో జుట్టు పట్టి తల పైకి లేపి షట్టరుకేసి బాదాడు. రేకు మీద ఉరిమినట్టు మోగింది. కుడి కనుబొమ చీలి, నెత్తురు కంట్లోకి, నోట్లోకి. వాడు చేతులు తల మీద పెట్టుకోలేదు, మొహానికి అడ్డం పెట్టుకోలేదు. చెవులు మూసుకున్నాడు. దెబ్బ కన్నా ఆ చప్పుడే వాడికి ఎక్కువ నొప్పి. ఆ సంగతి ఆమెకి తెలుసు. వాళ్లకి మాత్రం అది లెక్కలేనితనంలా కనపడింది. పైపు ముక్క పట్టుకున్నవాడు మోకాలి చిప్ప చూసి కొట్టాడు. "కొట్టు" అన్నాడు వాడు. మళ్లీ కొట్టారు. చెప్పిన ప్రతిసారీ కొట్టారు. కొట్టిన ప్రతిసారీ చెప్పాడు.

ఎనిమిది నెలలు కూర్చోబెట్టి ఆ మాట నేర్పింది ఎవరు?

ఆమె అరవలేదు. అరిస్తే గుంపుకి బలం. దొరికిన మొదటి మోకాలి మీద సుత్తి వేసింది. పైపు పట్టుకున్నవాడు విరగలేదు, వంగాడు. దారి దొరికింది. ఇంకొకడి పాదం మీద వేసింది. తమ్ముడి మీద బోర్లా పడి, వెడల్పాటి భుజాలు పరిచి, వాడి తల తన గడ్డం కింద ఇరికించుకుంది. వీపు మీద కాళ్లు పడ్డాయి. ఎన్నో తెలియదు. లావు చొక్కా, లావు వీపు. షట్టరు దించే కొక్కెం కడ్డీ ఒకటి గాలిలో లేచి ఆమె చెవి పైన, జుట్టులో దిగింది. టక్ మని చిన్న చప్పుడు. నెత్తురు రాలేదు.

"ఆగండ్రా! ఇన్‌స్పెక్టర్రా వాడు! అక్క తమ్ముడు!" టీ అతను గ్లాసుల బుట్ట విసిరికొట్టి అరుస్తున్నాడు. వెనకే బావ, పొడవాటి ఇనప పట్టుకారు ఊపుకుంటూ, ఈసారి ఎవర్నీ బావా అనకుండా, ఇంకేవో అంటూ వచ్చాడు.

గుంపు ఎంత తొందరగా చేరుతుందో అంతకన్నా తొందరగా కరుగుతుంది. క్షణంలో అందరూ చూడ్డానికి వచ్చినవాళ్లే, కొట్టినవాడు ఒక్కడూ లేడు. వాచీల కొట్టాయన మాత్రం పారిపోలేదు. నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు.

"చూడ్డానికి బానే ఉన్నాడు కదమ్మా! మొహంలో ఏ తేడా లేదు. మాకెలా తెలుస్తుంది?"

"తెలియకపోతే అడగాలి."

"అడిగాం కదమ్మా. కొట్టమన్నాడు."

ఆమె సీసా తీసుకుని తమ్ముడి కంట్లో నెత్తురు కడిగింది. వాడి చూపు షట్టరు తాళం మీద ఉంది. దాన్ని ఇంకా ముట్టుకోలేదు. లేవబోయాడు. "ముట్టుకో" అంది. అందరూ చూస్తుండగా వాడు రెండు వేళ్లు ఆనించి వదిలాడు. తాళానికి రెండు ఎర్రటి చుక్కలు అంటుకున్నాయి.

వీధి చివర చిన్న ఆసుపత్రిలో నర్సు కనుబొమ మీద ఆరు కుట్లు వేసి, తల చుట్టూ కట్టు కట్టింది. మోకాలు వాచింది గాని విరగలేదు.

"నొప్పిగా ఉందా?"

"నొప్పిగా ఉందా?"

"నన్ను తిరిగి అడుగుతావేంటయ్యా!" అని నర్సు నవ్వి, ఆమె మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఒక బిళ్లయినా వేయకూడదామ్మా మెళ్లో? తెలిస్తే ఎవరూ చెయ్యి చేసుకోరు కదా. నీకేమైనా తగిలిందా?"

"నాకేం, బానే ఉన్నా."

నర్సు ఆమె మొహం కేసి చూసింది. ఎక్కడా గీత లేదు, వాపు లేదు. బానే ఉంది. సరేనంది.

ఎన్ని కుళాయిల మెరుపు చూసి మోసపోకుండా సుత్తి ఎత్తిన మనిషి! తన మొహాన్ని మాత్రం అద్దంలో ఒకసారి చూసుకుని, నమ్మేసి బయటికి వచ్చింది.

"ఇంటికెళ్లక్కా, పని ఎక్కడికి పోతుంది?" అన్నాడు యజమాని. "స్టేషనుకెళ్దాం పద" అన్నాడు బావ. ఆమె రెండింటికీ తల అడ్డంగా ఊపింది. స్టేషనులో ఎవరి పేరు చెప్పాలి, నలభై చేతులకి? ఇక ఇల్లంటారా, పన్నెండున్నర నుంచి అయిదు దాకా తమ్ముడు కొట్టులో ఉండాలి, ఆమె రాయి పక్కన పాత టైరు మీద కూర్చోవాలి. ఇవాళ వాడికి మిగిలిన నిలకడ అదొక్కటే, దాన్నీ తీసేస్తే ఎలా? వాడు టైరు మీద కూర్చుని, టీ అతను ఏరి తెచ్చిన సొట్ట గిన్నెలు మూడూ ముందు పెట్టుకుని, మూతలు వరసగా సర్దుతున్నాడు. సొట్టల వల్ల వరస కుదరడం లేదు. మళ్లీ సర్దుతున్నాడు.

ఆమె సుత్తి ఎత్తింది. కుళాయి విరిగింది. కుడి గుట్టలోకి విసిరింది.

బావ చూశాడు. "అక్కా, జింకు ఇత్తళ్లో పడేశావ్."

"పడితే ఏరు. కళ్లున్నాయిగా."

ఇరవై రెండేళ్లలో అది మొదటి తప్పు. బావ ఏరి ఇవతల పడేశాడు. కాసేపటికి ఆమె లేచి ప్రెస్సు వెనక్కి వెళ్లి వాంతి చేసుకుని వచ్చింది. గోడకి చెయ్యి ఆనించుకుంటూ వచ్చింది. ఎండ వల్లే అంది. తలలో ఎవరో గ్యాసు కట్టరు పెట్టినట్టుంది, అది మాత్రం పైకి అనలేదు.

కూర్చుని ఇత్తడి గుట్టలోంచి ఒక బిళ్ల తీసింది. ఏదో పాత గడియారం వెనక మూత, అరచేయంత. మెడలోని అయస్కాంతం ఆనించి చూసింది. అంటలేదు. ఇనుము కాదు. ఇసకతో రుద్దితే పసుపుగా తేలింది, మంచి ఇత్తడే. అంచు దగ్గర మేకుతో బెజ్జం కొట్టింది, తాడు కోసం.

డాక్టరమ్మ చెప్పింది, నర్సు చెప్పింది, అమ్మ దారంతో జీవితాంతం వెతికింది. ఇంతమందితో బేరమాడి ఇన్నాళ్లు నెగ్గుకొచ్చింది. ఇవాళ ఓడిపోయింది. సరే. దేవుడు నుదుటి మీద రాయకపోతే తనే రాస్తుంది, చదివే అక్షరాలతో.

ఏం రాయాలి? జబ్బు పేరు రాస్తే ఎవడికి అర్థమవుతుంది? ఇంటి గుర్తు రాస్తే అది చదివేలోపు నాలుగు పడతాయి. మొదట చదవాల్సింది మొదట ఉండాలి. అయిదో తరగతి దాకా చదివిన చదువుని కూడగట్టుకుంది. మేకు పట్టి, సుత్తితో ఒక్కో చుక్కా కొడుతూ అక్షరం పేర్చసాగింది. ఒక్కో అక్షరానికి ఇరవై, పాతిక చుక్కలు. ఆ రాయి మీద ఆమె ఎప్పుడూ అంత మెల్లగా కొట్టలేదు. టక్. టక్. టక్.

తమ్ముడు మూతలు వదిలేసి ఆ చప్పుడు వింటున్నాడు. చెవులు మూసుకోలేదు. ఒక్కో టక్‌కీ గడ్డం చిన్నగా ఊపుతున్నాడు. మధ్యలో చుక్కలు రెండేసి కనపడుతున్నాయని ఆమె కళ్లు నులుముకుంది. "కాసేపుంటే అయిపోతుందిరా. వేసుకుంటావుగా?" అంది.

"వేసుకుంటావుగా" అన్నాడు వాడు.

నాలుగు కావస్తోంది. ప్రెస్సు కింద ఒక వ్యాను నలుగుతోంది. బావ మంట పెద్దది చేసి ఇరుసు కోస్తున్నాడు. అన్ని చప్పుళ్ల మధ్య ఒక చిన్న చప్పుడు ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది? ఆమె వెనక్కి, రేకు గోడకి ఆనుకుంది. సుత్తి ఒళ్లోకి జారింది. గడ్డం అయస్కాంతం మీదకి వాలింది. పని మధ్యలో ఒక నిమిషం కన్ను మూసుకున్న మనిషిలాగే ఉంది. మొహంలో ఏ తేడా లేదు.

తమ్ముడు తర్వాతి టక్ కోసం ఎదురుచూశాడు. గడ్డం ఊపడానికి సిద్ధంగా ఉన్నాడు. రాలేదు. ఇంకాసేపు చూశాడు. అప్పుడు వాడి గొంతు వినపడింది, బావ మంట ఆపేంత గట్టిగా.

"అక్కా. కొట్టు."

బావ నల్లద్దాలు పైకెత్తాడు. ఆ రెండు ముక్కలూ వేలసార్లు విన్నాడు, వేళాకోళం కూడా చేశాడు. అక్క అనేవాడు వాడు ఎప్పుడూ. అక్కా అని దీర్ఘం తీసి ఎవర్నీ పిలవడం పుట్టాక ఇదే.

"అక్కా. కొట్టు. అక్కా. కొట్టు."

బావ రెండంగల్లో వచ్చి భుజం పట్టి కదిపాడు. తల పక్కకి వాలిపోయింది. ముక్కు కింద వేలు పెట్టి చూశాడు, ఊపిరి తగల్లేదు. చెవి పైన జుట్టులో చెయ్యి పోనిస్తే, గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా తగిలింది. యజమానిని కేకేశాడు. ప్రెస్సు ఆగింది. పనివాళ్లంతా చుట్టూ మూగారు.  అంబులెన్సు వచ్చింది, ఇద్దరు ఆమెని లేపి పడుకోబెట్టారు, తలుపు వేశారు. తమ్ముడు వెళ్లి ఆ తలుపు గడియ మీద రెండు వేళ్లు ఆనించి వదిలాడు. పడిందని చూసుకున్నాడు.

అయిదయింది. వాడు కదలడం లేదు. అయిదింటికి అక్క లేచి అయస్కాంతానికి అంటిన పొడి దులుపుతుంది, అప్పుడు బయల్దేరాలి. బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. "మా ఇంటికెళ్దాం బావా" అన్నాడు. 

"మా ఇంటికెళ్దాం బావా" అన్నాడు వాడు, అదే గొంతుతో.

లేవబోతూ బావ రాతి మీది బిళ్ల చూశాడు. తీసుకుని వాడి మెళ్లో వేద్దామని తాడు కోసం జేబు తడుముకుని, ఒకసారి చదివి, ఆగిపోయాడు. దాన్ని వేసుకుని వీధిలోకి వెళ్లకూడదు. ఉన్నచోటే పెట్టేశాడు.

రాతి మీద ఇత్తడి బిళ్ల ఎండకి మెరుస్తోంది. చుక్కలు చుక్కలుగా, ఓపిగ్గా రాసిన అక్షరాలు: "ఇతన్ని కొట్ట". ఆ పక్కన "వ" గుండ్రంగా మొదలై, తలకట్టు పడకముందే ఆగిపోయి ఉంది.